బాట కావాలి, ఇంత వెడల్పు ఎందుకు? దక్షిణ బస్తర్‌లో రహదారి వివాదం

మద్దేడ్ (బస్తర్): నిజామాబాద్ నుంచి జగిత్యాల, మంచిర్యాల, చెన్నూరు మీదుగా వచ్చి ప్రాణహితను దాటి, మహారాష్ట్రలోని సిరోంచను తాకి, ఇంద్రావతి అవతల ఛత్తీస్‌గఢ్‌లో ప్రవేశించే జాతీయ రహదారిపై భోపాలపట్నం, బీజాపూర్‌ల నడుమ ఉన్న ఊరు మద్దేడ్. పటంలో ఇది పరాయి రాష్ట్రం. అయినా ఇక్కడ తెలుగు పరాయి భాష కాదు. దోర్లా గిరిజనుల మాటలో సగం తెలుగే వినిపిస్తుంది. మిరప కోతల కాలం వచ్చిందంటే ఈ ప్రాంతపు పల్లెలు కూలి కోసం గోదావరి దాటి ములుగు, ఖమ్మం వైపు తరలిపోతాయి. కాకతీయ సామ్రాజ్యం పతనమైన తర్వాత అన్నమదేవుడు వరంగల్లు విడిచి బస్తర్‌కు వచ్చి రాజ్యం స్థాపించాడని ఇక్కడి రాజవంశ చరిత్ర చెబుతుంది.

ఒకప్పుడు 16వ నంబరుగా, ప్రస్తుతం 63వ నంబరుగా వ్యవహరిస్తున్న ఈ రహదారి దశాబ్దాల పాటు పేరుకు మాత్రమే జాతీయ రహదారి. నది అడ్డం వచ్చిన ప్రతిచోటా అది తెగిపోయేది. వానాకాలంలో పడవే శరణ్యం. గోదావరి, ప్రాణహిత, ఇంద్రావతులపై ఈ ప్రాంతాన్ని కలిపే వంతెనలు 2010 తర్వాతి సంవత్సరాల్లోనే పూర్తయ్యాయి. హైదరాబాద్ నుంచి వరంగల్, ఏటూరునాగారం మీదుగా భోపాలపట్నం చేరే 163వ నంబరు రహదారి సైతం ముల్లకట్ట వద్ద గోదావరిపై వంతెన పడిన తర్వాతనే నిజమైన రహదారి అయింది.

రోడ్డు లేకపోతే ఎంత కష్టమో తెలిసిన జిల్లా ఇది. అటువంటి జిల్లా సరిహద్దులోనే వేలాది మంది గిరిజనులు ఒక రోడ్డుకు ఎదురుగా నెలల తరబడి బైఠాయించడం రాయపూర్‌లో, ఢిల్లీలో ఉన్నవారికి వింతగా తోచింది. అభివృద్ధి వద్దనే మనుషులు ఉంటారా అని కొందరు ఆశ్చర్యపోయారు. వెనుక ఎవరో ఉండి చేయిస్తున్నారని మరికొందరు తేల్చివేశారు. ఆ బైఠాయింపులో కూర్చున్నవారు అడిగినది మాత్రం ఈ రెండు వ్యాఖ్యలకూ అందనిది. బాట వేయండి, కానీ ఇంత వెడల్పు ఎందుకు, మమ్మల్ని అడిగింది ఎవరు అన్నదే వారి ప్రశ్న.

సిల్గేర్‌లో ఏం జరిగింది?

బీజాపూర్ నుంచి ఆవాపల్లి, బాసాగూడ, తర్రెం మీదుగా జగర్‌గుండకు, అక్కడి నుంచి దోర్నపాల్‌కు వెళ్లే దారిలో సుక్మా జిల్లా సరిహద్దున ఉన్న చిన్న గ్రామం సిల్గేర్. 2021 మే 12న తెల్లవారేసరికి అక్కడ కేంద్ర రిజర్వు పోలీసు దళం కొత్త శిబిరం వెలసింది. రోడ్డు నిర్మాణానికి రక్షణ కల్పించడమే దాని ఉద్దేశమని అధికారులు ప్రకటించారు. తమ భూమిలో, తమతో మాట మాత్రమైనా చెప్పకుండా శిబిరం వేశారంటూ చుట్టుపక్కల పల్లెలవారు రెండు రోజుల్లోనే అక్కడికి చేరుకున్నారు. గుంపు వేలకు పెరిగింది. మే 17న భద్రతా దళాలు కాల్పులు జరపగా ముగ్గురు మరణించారు. తొక్కిసలాటలో గాయపడిన ఒక గర్భిణి కొద్ది రోజుల తర్వాత కన్నుమూసింది.

గ్రామస్థులను అడ్డం పెట్టుకుని మావోయిస్టులు శిబిరంపై దాడికి దిగారని పోలీసులు పేర్కొన్నారు. చనిపోయినవారు నిరాయుధులైన పల్లెవాసులని ఆందోళనకారులు చెప్పారు. మేజిస్టీరియల్ విచారణకు ఆదేశాలు వెలువడ్డాయి.

కాల్పుల తర్వాత కూడా జనం కదలలేదు. మొదటి వర్ధంతి నాటికి, అంటే 2022 మే నాటికి, బైఠాయింపు కొనసాగుతూనే ఉంది. ఆకులతో, కర్రలతో కట్టిన పందిళ్ల కింద ఊళ్లవారీగా వంతులు వేసుకుని వచ్చి కూర్చునేవారు. వంతు తీరినవారు పొలం పనికి వెళితే మరో ఊరు వచ్చి చేరేది. ఈ ఆందోళనలో నుంచే మూలవాసీ బచావో మంచ్ అనే సంస్థ పుట్టింది. దాని ముందు వరుసలో ఉన్నవారిలో అధికులు యువతీయువకులు. బేచాపాల్, బుర్జీ వంటి చోట్ల, కాంకేర్ జిల్లాలో కోట్రి నదిపై వంతెన తలపెట్టిన బేచాఘాట్‌లో కూడా ఇటువంటి బైఠాయింపులే మొదలయ్యాయి.

రోడ్డు మాత్రమే కాదు, దాని చరిత్ర కూడా

బాసాగూడ, జగర్‌గుండల మధ్య రోడ్డు కొత్త ఆలోచన ఏమీ కాదన్నది ఇక్కడ గమనార్హం. ఆ దారి పూర్వం నుంచీ ఉంది. దానిపై బస్సులు నడిచేవి. చింతపండు, ఇప్పపువ్వు వంటి అటవీ ఉత్పత్తులకు జగర్‌గుండ పేరున్న సంత. 2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత ఆ దారి మూసుకుపోయింది. ఒకవైపు జుడుం కార్యకర్తలు ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తరలించగా, మరొకవైపు మావోయిస్టులు రోడ్లను తవ్వి, కల్వర్టులను పేల్చి, మందుపాతరలు పెట్టారు. జగర్‌గుండ చుట్టూ ముళ్లతీగ మొలిచింది. సామాన్య పౌరులను సాయుధులను చేసి యుద్ధంలోకి దింపడం రాజ్యాంగ విరుద్ధమని నందినీ సుందర్ కేసులో 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేనాటికే ఆ దారి వెంట పల్లెలు పాడుబడ్డాయి.

ఆ రోజుల్లో అడవి దాటి నాటి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవారే నేడు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లో గుత్తికోయలుగా పిలువబడుతున్నవారు. ఇక్కడ వారికి షెడ్యూల్డు తెగల గుర్తింపు లభించలేదు. అడవిలో చెట్లు కొట్టి పోడు చేశారని అటవీశాఖతో తగాదాలు ఆగలేదు. వారు విడిచివచ్చిన ఊళ్ల గుండానే ఇప్పుడు రోడ్లు సాగుతున్నాయి.

శిబిరం అన్న మాట వినగానే ఈ ప్రాంత గ్రామస్థులకు గుర్తుకు వచ్చే మరో పేరు సర్కేగూడ. అది కూడా బాసాగూడ సమీపంలోనిదే. 2012 జూన్ 28 రాత్రి అక్కడ జరిగిన కాల్పుల్లో 17 మంది మరణించారు. వారిలో మైనర్లు ఉన్నారు. మృతులు మావోయిస్టులన్న వాదనకు ఆధారాలు లేవని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక స్పష్టం చేసింది. 2019 చివరలో గాని అది బయటకు రాలేదు. రోడ్డు వెంట శిబిరం వస్తే తమకు రక్షణ అని ఎందుకు అనుకోరని సిల్గేర్ వారిని అడిగే ముందు ఆ ఏడేళ్ల జాప్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

ప్రభుత్వ వాదనలోనూ బలం లేకపోలేదు

రోడ్డు లేకపోతే అంబులెన్సు రాదు, రేషను బియ్యం చేరదు, ఉపాధ్యాయుడు నిలవడు అన్నది ప్రభుత్వాల వాదన. అది కాదనగలిగినవారు ఈ అడవిలో లేరు. మావోయిస్టులు రోడ్లను తవ్వినది ప్రజల కోసమే అని చెప్పడం కూడా కష్టం. ఆ తవ్విన రోడ్ల మీద జోలెకట్టి మోసుకు వెళ్లిన రోగులు ఆ ప్రజలే.

రోడ్డు వేయడానికి ప్రాణాలతో మూల్యం చెల్లించినవారు కూడా ఉన్నారు. దోర్నపాల్ నుంచి జగర్‌గుండ వరకు సుమారు 56 కిలోమీటర్ల దారి పనులకు కాపలా కాస్తుండగా 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద మావోయిస్టుల దాడిలో 25 మంది జవాన్లు మరణించారు. ఆ కేసులో అరెస్టయిన గిరిజనుల్లో 121 మంది ఐదేళ్లు జైలులో గడిపి 2022 జూలైలో నిర్దోషులుగా విడుదలయ్యారు. సిల్గేర్ శిబిరానికి నెల ముందు, 2021 ఏప్రిల్ 3న తర్రెం సమీపంలో మరో దాడిలో 22 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు.

వార్తా సంస్థల కాపీలో తరచు కనిపించే మాట ఒకటి ఉంది: రోడ్ ఓపెనింగ్ పార్టీ. కొత్తగా డెస్కులో చేరినవారు దీనిని రోడ్డు ప్రారంభోత్సవ విందు అనుకునే ప్రమాదం లేకపోలేదు. వాహనాలు కదిలే ముందు తెల్లవారుజామున మందుపాతరల కోసం దారి పొడవునా వెదుకుతూ నడిచే జవాన్ల బృందం అది. బస్తర్‌లో రోడ్డు ఒక్కసారి ప్రారంభమైతే చాలదు. ప్రతి ఉదయం ప్రారంభం కావాలి.

ఈ నేపథ్యంలోనే కేంద్రం తీవ్రవాద ప్రభావిత జిల్లాల రోడ్లకు ప్రత్యేక పథకాలు రూపొందించింది. 2009లో 8 రాష్ట్రాల్లోని 34 జిల్లాలకు ఒక పథకం వచ్చింది. 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం 44 జిల్లాల్లో 5,412 కిలోమీటర్ల రోడ్లకు, 126 వంతెనలకు దాదాపు రూ. 11,725 కోట్లతో మరో పథకాన్ని ఆమోదించింది. ఆ పథకంలో రోడ్ల ఎంపికకు గ్రామీణ అవసరంతో పాటు భద్రత కూడా ప్రాతిపదిక. సిల్గేర్ వారి సందేహం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఊరికి కావలసిన రోడ్డు వేరు, శిబిరానికి కావలసిన రోడ్డు వేరు అని వారంటారు. బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి, వాటికి వెళ్లే సన్నని దారి తమకు చాలునని, పెద్ద రహదారి గనుల కోసమేనని వాదిస్తారు.

గనుల అనుమానం గాలిలో నుంచి పుట్టినది కాదు. పొరుగునే ఉన్న బైలాడిల్లా కొండల ఇనుప ఖనిజం 1960ల చివరి నుంచి కిరండూల్–కొత్తవలస రైలు మార్గం మీదుగా విశాఖ రేవుకు తరలుతోంది. ఆ రైలు పట్టాలు పడి అర్ధ శతాబ్దం దాటినా దాని చుట్టుపక్కల పల్లెలు జిల్లాలోని మిగతా పల్లెల కంటే ఎంత మెరుగుపడ్డాయన్నది బస్తర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు.

ఒక హెక్టారు లెక్క

వెడల్పు గురించిన తగవు చట్టంలో కూడా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం బడి, ఆసుపత్రి, చెరువు, రోడ్డు వంటి 13 రకాల ప్రజోపయోగ పనులకు అటవీ భూమి వాడుకోవడాన్ని సులభం చేసింది. అయితే దానికి షరతులు పెట్టింది. ఒక్కొక్క పనికి తీసుకునే భూమి ఒక హెక్టారుకు మించరాదు. హెక్టారుకు 75కు మించి చెట్లు కొట్టరాదు. గ్రామసభ సిఫారసు ఉండాలి.

హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు. ఐదు మీటర్ల వెడల్పున, అంటే 16 అడుగుల బాట వేస్తే ఒక హెక్టారులో రెండు కిలోమీటర్లు వస్తుంది. ఒక పల్లె నుంచి మరో పల్లెకు అది చాలును. చెట్లు కొట్టి చదును చేసే మేర 20 మీటర్లు అయితే అదే హెక్టారు అర కిలోమీటరుకే అయిపోతుంది. అనగా ఊరి బాటకు సరిపోయే చట్టం రహదారికి సరిపోదు. తీవ్రవాద ప్రభావిత జిల్లాల్లో అటవీ సంరక్షణ చట్టం కింద ఇచ్చే సాధారణ అనుమతి పరిమితిని కేంద్రం మొదట 5 హెక్టార్లకు, ఆ తర్వాత 40 హెక్టార్లకు పెంచింది. 40 హెక్టార్లలో 20 మీటర్ల వెడల్పున 20 కిలోమీటర్లు సాగవచ్చు.

షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం 1996 నుంచి అమలులో ఉంది. అభివృద్ధి పథకాలకు భూసేకరణ జరిపే ముందు గ్రామసభను గాని, తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలని అది చెబుతుంది. సంప్రదించాలి అన్నదే తప్ప అంగీకారం పొందాలి అన్న మాట ఆ నిబంధనలో లేదు. చట్టానికి ఛత్తీస్‌గఢ్ నియమావళి వెలువడింది 2022 ఆగస్టులో. సిల్గేర్ కాల్పులు జరిగిన పదిహేను నెలలకు, చట్టం వచ్చిన పాతికేళ్లకు.

సముద్రతీర నగరాల అనుభవం

రోడ్డుకు అడ్డుపడడం అడవి జనానికే చెల్లిందనుకుంటే పొరపాటు. అమెరికాలోని తీరనగరం శాన్ ఫ్రాన్సిస్కోలో 1950లలో నగరం గుండా ఫ్రీవేలు వేయడానికి ప్రణాళికలు వేయగా పేటల వారీగా నివాసులు సంఘాలు కట్టి ఎదిరించారు. 1959 జనవరిలో నగర పాలక మండలి ప్రతిపాదిత పది ఫ్రీవేలలో ఏడింటిని రద్దు చేసింది. అప్పటికే కట్టిన ఎంబార్కడేరో ఫ్రీవే సముద్రాన్ని నగరానికి కనబడకుండా చేసింది. 1989 అక్టోబరు భూకంపంలో దెబ్బతిన్న దానిని 1991లో కూల్చివేశారు. అడ్డుపడినవారిని అక్కడ ఎవరూ దేశద్రోహులు అనలేదు.

మన దేశంలో ముంబై తీర రహదారి మరింత దగ్గరి ఉదాహరణ. వర్లీ కోలీ మత్స్యకారులు వేట పడవలు వెళ్లే దారిలో వంతెన స్తంభాలు వేస్తున్నారని అభ్యంతరం చెప్పారు. వారి తగవు కూడా వెడల్పు దగ్గరే. రెండు స్తంభాల నడుమ 60 మీటర్ల దూరం నిర్ణయించగా, గాలివానలో పడవ తిప్పడానికి అది చాలదు, 160 మీటర్లు కావాలని వారు పట్టుబట్టారు. బొంబాయి హైకోర్టు 2019 జూలైలో ఈ రహదారి తీర మండలి అనుమతులను కొట్టివేయగా అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు పనులు కొనసాగించుకోవచ్చంది. మత్స్యకారులు పనులను అడ్డుకుంటూ వచ్చారు. చివరకు 2022 డిసెంబరులో ప్రభుత్వం 120 మీటర్లకు ఒప్పుకుంది. రహదారి తొలి భాగం 2024 మార్చిలో ప్రారంభమైంది. పూర్తిగా గెలిచినవారు లేరు, పూర్తిగా ఓడినవారూ లేరు. లెక్కలు పట్టుకుని ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు.

చెన్నై–సేలం ఎనిమిది వరుసల రహదారిపై రైతులు వేసిన కేసులో మద్రాసు హైకోర్టు 2019 ఏప్రిల్‌లో భూసేకరణను రద్దు చేసింది. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. అక్కడా న్యాయస్థానం దాకా వెళ్లే దారి రైతులకు ఉంది. సిల్గేర్ నుంచి బిలాస్‌పూర్ హైకోర్టుకు వెళ్లాలంటే బస్తర్ మొత్తాన్ని దాటాలి.

ఇదే భోపాలపట్నం ప్రాంతానికి గెలిచిన చరిత్ర ఒకటి ఉంది. ఇంద్రావతిపై భోపాలపట్నం, గోదావరిపై ఇచ్చంపల్లి జలవిద్యుత్ పథకాలను తలపెట్టినప్పుడు 1980ల తొలినాళ్లలో బాబా ఆమ్టే తదితరుల నాయకత్వంలో గిరిజనులు కదిలారు. అడవిని కాపాడండి, మనిషిని కాపాడండి అన్నది నాటి నినాదం. ఆ ఆనకట్టలు కట్టలేదు. నాటి ఆందోళనకారులపై నిషేధం ఏదీ పడలేదు.

రోడ్డు డబ్బు

రోడ్డును వద్దన్నవారికే కాదు, రోడ్డు సరిగా వేయలేదన్నవారికి కూడా ఇక్కడ ప్రమాదం తప్పలేదు. బాసాగూడలో పుట్టిన పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ బస్తర్ జంక్షన్ అనే యూట్యూబ్ చానల్ నడిపేవాడు. తర్రెం దాడిలో మావోయిస్టులు పట్టుకుపోయిన జవానును 2021 ఏప్రిల్‌లో విడిపించి తీసుకువచ్చిన బృందంలో ఆయన ఉన్నాడు. బీజాపూర్ జిల్లాలో నెలస్‌నార్, మిర్తూర్, గంగలూర్‌ల మధ్య రోడ్డు పనుల్లో అవినీతి జరిగిందని 2024 డిసెంబరులో వార్తా కథనం వెలువడింది. దాని వెనుక ముకేశ్ కృషి ఉంది. సుమారు రూ. 50 కోట్లతో మొదలైన పని రూ. 120 కోట్లకు పెరిగిందన్నది ఆ రోడ్డుపై వచ్చిన ఆరోపణ. 2025 జనవరి 1న ఆయన అదృశ్యమయ్యాడు. జనవరి 3న బీజాపూర్‌లో ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. ప్రధాన నిందితుడైన కాంట్రాక్టరును పోలీసులు హైదరాబాద్‌లో అరెస్టు చేశారు.

ఒక రోడ్డుకు ఎంత ఖర్చయింది, ఎవరికి చేరింది అని అడిగినందుకు మనిషిని చంపారన్న అభియోగం ఉన్న చోట, రోడ్డును ఎవరు నిర్ణయించారు అని అడిగే గ్రామసభ బలం ఎంతో ఊహించవచ్చు.

2024 అక్టోబరు 30న ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రాష్ట్ర ప్రత్యేక ప్రజా భద్రతా చట్టం కింద మూలవాసీ బచావో మంచ్‌ను ఏడాది పాటు నిషేధించింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల అభివృద్ధి పనులను, భద్రతా దళాల శిబిరాలను నిరంతరం వ్యతిరేకిస్తూ ప్రజలను రెచ్చగొడుతోందన్నది నోటిఫికేషన్‌లో చూపిన కారణం. ఈ లెక్కన వర్లీ మత్స్యకారుల సంఘాలకు కూడా ముప్పే.

జగర్‌గుండలో 2025 మేలో బ్యాంకు శాఖ ఒకటి తెరుచుకుంది. అక్కడి పాత గ్రామీణ బ్యాంకును 2001లో దోచుకున్న తర్వాత ఇన్నేళ్లకు మళ్లీ వచ్చిన బ్యాంకు అది. రోడ్డు లేకపోతే అది వచ్చేది కాదని అధికారులు అంటున్నారు. ఆ మాట నిజం. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ, ములుగు జిల్లా పేరూరు మిరప చేలలో కూలికి వచ్చిన బీజాపూర్ జిల్లా బాలిక ఒకతె, పన్నెండేళ్లది, తోటి కూలీలతో ఇంటికి నడక సాగించింది. రహదారి మీద పోలీసులు ఆపుతారన్న భయంతో వారు అడవి దారి పట్టారు. మూడు రోజులు నడిచి, ఇల్లు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉందనగా ఆ పిల్ల ప్రాణం విడిచింది. అప్పటికి గోదావరిపై ముల్లకట్ట వంతెన ఉంది. దానిని భోపాలపట్నానికి, మద్దేడ్‌కు కలిపే జాతీయ రహదారి కూడా ఉంది.